కుక్క కరవలేదు, ఫస్ట్ ఎయిడ్ కిట్టు కట్టుకున్న

మొదటి రోజు మా అమ్మే చూసింది. పొద్దుగాల నాలుగున్నరకు బూట్లు తొడుక్కుంటుంటే ప్యాంటు కొద్దిగ పైకి లేచి లోపల నల్లపట్టీ కనపడ్డది, "ఏంరా కుక్క కరిచిందా, చెప్పకపోతివి" అని గాబరా పడ్డది. కాదమ్మా, ఇది ఫస్ట్ ఎయిడ్ కిట్టు అని చెప్తే ఇంకా గాబరా అయింది, ఎందుకు, నీకేమైతదని ఇది కట్టుకున్నవ్ అని. పాలకేంద్రంల ఒకాయన నేను మఫ్టీ పోలీసు అనుకున్నడు, తుపాకి ఉందేమో అని వారం రోజులు కొలతల దగ్గర మస్తు మర్యాదగ ఉన్నడు. మా ఇంటామె అయితే "మీ నాయనమ్మ కడాలు ఏసుకున్నట్టు ఏసుకున్నవ్, రెండో కాలుకు గూడ కొనుక్కో, జత కుదురుతది" అన్నది.

ఆర్నెల్లు దాటింది ఈ కిట్టు కాలికి కట్టుకోబట్టి. అడిగినోళ్లందరికీ ఒక్కొక్కరికి చెప్పుడు కంటే ఒకసారి రాసిపెడితే అయిపోతది కదా అని ఇది రాస్తున్న. కొనుమనైతే చెప్తున్న, కానీ ఫోన్ల కనపడ్డది కనపడ్డట్టు కొంటే మాత్రం పైసలు దండగ, ఆ సంగతే కొంచెం పొడుగ్గ చెప్తా.

నేను ఒక డెయిరీల రూట్ చూసుకుంట. నల్గొండ నుంచి తిప్పర్తి, మాడుగులపల్లి దిక్కు ఊర్ల పాలకేంద్రాలు తిరగాలె, రోజుకు ఎనభై తొంభై కిలోమీటర్లు బండి మీదనే. చీకటితోనే బయలెల్లుడు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద పండుకున్న బర్లు, ఇగ వానకాలం పంట కోతలప్పుడైతే సగం రోడ్డు నిండ వడ్లు. ఊర్లోళ్లకు తెలుసు ఇది. వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు, పొద్దుమూకినంక మీద నల్ల పట్టా కప్పుతరు, నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని పక్కన నల్ల రాయి. రైతును తప్పు పట్టలేం, కల్లం జాగ లేదు, కొనుగోలు సెంటర్ల తేమ ఎక్కువుంటే కొనరు, మరి యాడ ఆరబోయాలె? కానీ రాయికి అవన్నీ తెల్వదు.

పోయినేడు కార్తీకంల ఆ రాయికే ఒక పిలగాడు తాకిండు. నేను బండి పాలకేంద్రం కాడ పెట్టి చాయ్‌కి నడుసుకుంట పోయిన, ఇగ ఇదే ముఖ్యం, నా బండి పెట్టెల ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉంది. మూడేండ్ల నుంచి ఉంది. దూది, టించర్, ప్లాస్టర్ చుట్ట, కత్తెర, అన్నీ సక్కగ సదిరి పెట్టిన. పిలగాడు పడ్డది నా కండ్ల ముందటనే, బండి కింద కాలు ఇరికి పిక్క అడ్డంగ చీరింది, నెత్తురు వడ్ల మీద గుంటలు కట్టింది. బాక్సేమో అరకిలోమీటరు దూరంల. నా దగ్గర ఉన్నది ఒక దస్తీ, అది గూడ అప్పటికే పాల మరకలతోటి.

జనం మస్తు జమైండ్రు. ఒకరు పసుపు తెమ్మంటరు, ఒకరు చాయ్‌పత్త అద్దుమంటరు, ఒకాయన వీడియో. అప్పుడే కల్లు గీసి చెట్టు దిగి వస్తున్న గౌడ్ కాక, కల్లు లొట్టి పక్కకు పెట్టి, నడుముకున్న తువ్వాల తీసి నాలుగు మడతలు ఏసి పుండు మీద పెట్టి రెండు చేతులతోటి, మీది బరువంత ఏసి ఒత్తిండు. "ఎవ్వడన్న పసుపు ఏస్తే చెయ్యి ఇరగ్గొడ్త" అన్నడు. 108 వచ్చిందాక తియ్యలే. మధ్యల నేను కొంచెం ఎత్తి చూద్దామా అంటే నన్ను గూడ తిట్టిండు. పిలగానికి కుట్లు పడ్డయ్, నెల రోజులకు మళ్ల బండి ఎక్కిండు, ఆ ముచ్చట అంతే.

తర్వాత కాకను అడిగిన, నీకెట్ల తెలుసు ఇదంత అని. కత్తితోటి పని చేసేటోనికి తెల్వకుంటే ఎట్ల అన్నడు. నేను నా బాక్సు సంగతి చెప్పిన, దగ్గర లేకపాయె అని. దానికి ఆయన అన్న మాటే నాతోని ఈ పట్టీ కొనిపించింది. "చెట్టెక్కినంక కింద ఉన్నది నీది కాదు బిడ్డా." నిజమే, ఆయన్ని చూస్తే తెలుస్తది, మోకు, ముస్తాదు, నడుముకు కత్తుల పొది, లొట్టి, తువ్వాల, అన్నీ ఒంటి మీదనే. మీదికి పోయినంక అరే కత్తి మర్చిపోయిన అని ఎవరిని పిలుస్తడు?

కారు కొంటే డిక్కీల ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా వస్తది కదా. ఎంతమంది దాని సీలు తీసిండ్రో చెప్పుండ్రి. మేం అద్దెకు తీసుకున్న ఒక కారుల తీసి చూస్తే ప్లాస్టర్ జిగురు ఎండిపోయి కాగితం లెక్క ఊడి వచ్చింది. డబ్బా చెడ్డదని కాదు, అది బండికి కట్టింది, మనిషికి కట్టింది కాదు, మనిషి బండి దిగిన నిమిషం నుంచి అది లేనట్టే.

ఇగ కాలికి కట్టుకునే కిట్టు సంగతి. అమెరికాల పోలీసోళ్లు డ్యూటీల లేనప్పుడు చిన్న పిస్తోలు చీలమండ కాడ దాచుకునే పట్టీ ఒకటి ఎప్పటినుంచో ఉంది. తుపాకి జాగల కట్టు సామాన్లు పెడితే ఈ కిట్టు అన్నట్టు. అరచెయ్యంత వెడల్పు సాగే పట్టీ, వెల్క్రో, మూడు నాలుగు జేబులు, కొన్నిట్లకు జారకుండ పిక్క కింద ఇంకో సన్న బెల్టు. జేబుల్ల మామూలుగ పెట్టేటివి టోర్నికెట్ అనే, చెయ్యో కాలో బిగియ్యగట్టి నెత్తురు ఆపే మెలితిప్పే పట్టీ, నెత్తురు గడ్డకట్టించే గాజ్ గుడ్డ, గాలి తీసి చదునుగ ప్యాక్ చేసిన ప్రెషర్ బ్యాండేజ్, ఛాతిల పొక్క పడితే మూయనీకి అతికించే సీల్స్ రెండు, గ్లౌజులు, కత్తెర.

ఇదంత యుద్ధం నుంచి వచ్చిన సామాను. కాలు చేయి తెగి నెత్తురు పోయి చచ్చేటోళ్లను బతికియ్యొచ్చు, దవాఖానకు తెచ్చిందాక ఆగొద్దు అక్కడికక్కడనే ఆపాలె అని 1996ల అమెరికా మిలిటరీ డాక్టర్లు పద్ధతి రాసిండ్రు, 2005 నుంచి వాళ్ల సైనికులకు క్యాట్ అనే టోర్నికెట్ ఇచ్చుడు మొదలైంది, 2015ల మామూలు జనానికి నేర్పుడు గూడ "స్టాప్ ద బ్లీడ్" అని మొదలువెట్టిండ్రు. పెద్దమనిషి ఒంట్ల ఉండేదే ఐదు లీటర్ల దగ్గర నెత్తురు, తొడల పెద్ద నరం తెగితే అది నిమిషాల్ల లెక్క. అంబులెన్స్ ఎంత ఉరికినా ఆ నిమిషాలు పక్కనున్నోనివే. మన దగ్గర 108 అన్నది 2005ల హైదరాబాద్ నుంచే మొదలైంది, ఆ సంగతి మనం గొప్పగ చెప్పుకోవాలె, కానీ అది వచ్చిందాక మధ్యల ఉన్న టైముకు ఎవరు జవాబు?

అయితే వాళ్ల కిట్టు వాళ్ల బతుకుకు కుట్టుకున్నరు. బూటు, మందం సాక్సు, ప్యాంటు, కుర్చీ, చల్లటి దేశం. మన దగ్గర మొదటి తకరారు అక్కడే వస్తది. బాసింపట్టు ఏసుకొని బువ్వకు కూసుంటే జేబుల సామాను గిలకలకు ఒత్తుతది. గుడి కాడ చెప్పులు ఇడిస్తే అందరి కండ్లు కాలు మీదనే. పొలంల దిగితే బురద. ఇండియన్ లెట్రీన్ సంగతి నేను రాయను, కట్టుకున్నోనికి మొదటి రోజే అర్థమైతది. ఇగ ఎండాకాలం. మే నెలల నల్గొండల నలభై నాలుగు నలభై ఐదు డిగ్రీలు, పట్టీ కింద చెమట, వారానికి చెమటకాయలు లేసినయ్, గోకి గోకి పుండైంది, ఫస్ట్ ఎయిడ్ కిట్టు వల్ల ఫస్ట్ ఎయిడ్ చేసుకున్నోన్ని నేనే కావచ్చు. అప్పుడు తెలిసింది సాక్సు మీద కట్టాలె, ఒట్టి తోలు మీద కట్టొద్దు, పొడుగు నూలు సాక్సు, రోజు మార్చాలె, పట్టీ గూడ వారానికోసారి సామాను తీసి చేతితోటి ఉతికి నీడకు ఆరబెట్టాలె, లేకుంటే చెమట ఉప్పుకు సాగుడు పోయి వదులైతది.

ఏ కాలుకు అనేది గూడ చిన్న ముచ్చట కాదు. నేను ముందు కుడి కాలుకు కట్టిన, పొరపాటు. బండికి సైలెన్సర్ ఉండేది కుడి దిక్కే, ట్రాఫిక్‌ల కాలు కింద పెట్టి లేపినప్పుడు పట్టీ అంచు దానికి తాకి ఒక జాగల కరిగింది. ఎడమ కాలుకు మార్చిన. ఎడమ దిక్కు గేరు ఉంటది కాబట్టి సామాను బయటి దిక్కు, కొంచెం వెనకకు రావాలె, ముందల ఉంటే గేరు ఎత్తేటప్పుడు అడ్డం తాకుతది. వీడియోల చెప్పేటోళ్లు లోపలి దిక్కు పెట్టుకోమంటరు, వాళ్లు కార్ల తిరిగేటోళ్లు.

సరే లోపల ఏం పెట్టాలె. రెడీమేడ్‌గ నింపి అమ్మేది కొనకుండ్రి, ఒట్టి పట్టీ కొని మీరే నింపుకోండ్రి, ఇది నా గట్టి మాట. వాళ్ల కిట్టుల సగం తూటా గాయానికి ఆలోచించి పెట్టింది. ఛాతి సీల్స్ నేను తీసేసిన, మన ఎండకు జిగురు ఎన్నొద్దులు ఉంటదో దేవునికెరుక, అది పెట్టుడు నాకు రాదు గూడ. కొన్నిట్ల ముక్కుల పెట్టే గొట్టం, ఛాతిల గుచ్చే సూది గూడ ఉంటయ్, అవి డాక్టరు పనులు, మన చేతుల ఉంటే ప్రమాదమే. మన దగ్గర జరిగేటివి ఏందియి? రోడ్డు. కొడవలి. గడ్డి కోసే మిషన్ల వేళ్లు. రేకు గీసుకునుడు. ట్రాక్టర్ మీద నుంచి పడి చెయ్యి బెణుకుడు. ఎండదెబ్బ. వీటికి పనికొచ్చేటివి పెట్టాలె.

నా కాలు మీద ఇప్పుడు ఉన్నది చెప్తా. గాజ్ గుడ్డ రెండు ప్యాకెట్లు, మెడికల్ షాపుల దొరికేదే. నెత్తురు ఆపే మందు అద్దిన గాజ్ ఒకటి. దీంట్ల రెండు తీర్లు ఉన్నయ్, క్విక్‌క్లాట్ అనేది కేయొలిన్ అనే తెల్లమట్టితోటి చేస్తరు, ఇంకోటి రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌తోటి, మన దేశంల తయారయ్యే ఆక్సియోస్టాట్ ఈ రెండో జాతిదే. ఇవి అగ్గువ కాదు. కానీ మందు గాజ్ ఉన్నా ఒట్టి గాజ్ ఉన్నా పని చేసేది చెయ్యే. లోతు పుండైతే నెత్తురు ఎక్కడ నుంచి వస్తుందో అక్కడికి తగిలేటట్టు గుడ్డ కుక్కాలె, కుక్కి గౌడ్ కాక లెక్క బరువేసి ఒత్తాలె, మందు గాజ్ అయితే మూడు నిమిషాలు, ఒట్టిదైతే పది నిమిషాలన్న, మధ్యల ఎత్తి చూడకుండ. మూడు నిమిషాలు అంటే ఎంతో అనిపించదు, ఒకసారి గడియారం పెట్టుకొని దిండు మీద ఒత్తి చూడుండ్రి, చేతులు వణుకుతయ్. కుక్కుడు చేతులు కాళ్లు, తొడ మొదట్ల, చంకల పుండ్లకే, కడుపుల ఛాతిల కుక్కొద్దు.

తర్వాత ఆరు ఇంచుల క్రేప్ బ్యాండేజ్ ఒకటి, బెణికినా కడుతది, గాజ్ మీద బిగువుగ చుట్టనీకి గూడ అదే. గ్లౌజులు ఒక జత, చిన్న జిప్ కవర్ల, ఎందుకంటే మనకు తెల్వని మనిషి నెత్తురు అది, హెపటైటిస్ బీ ఉండొచ్చు, హెచ్‌ఐవీ ఉండొచ్చు. గుండ్రటి మొన ఉన్న చిన్న కత్తెర, ప్యాంటు చీరనీకి. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, దీన్ని ఏ అమెరికా కిట్టుల చూడలే నేను, కానీ ఆర్నెల్లల నేను అన్నిటికంటె ఎక్కువ వాడింది ఇదే, నాలుగుసార్లు, మూడుసార్లు హమాలీలకు, ఒకసారి నాకే. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లల మొత్తం ప్యాకెట్ కలపాలె, గ్లాసుల సగం పోసి తాగితే లాభం లేదు. మాత్రలు మాత్రం పెట్టొద్దు. మాత్రల అట్ట మీద చూడుండ్రి, 25 డిగ్రీల లోపనో 30 డిగ్రీల లోపనో ఉంచుమని రాసుంటది, నా కాలు ఎండాకాలంల దానికి ఎంత దూరం ఉంటదో చెప్పనక్కర లేదు.

టోర్నికెట్ దగ్గర జర ఆగాలె. మొదట నేను ఆన్‌లైన్ల మూడు వందలకు ఒకటి కొన్న, చూడనీకి అచ్చం క్యాట్ లెక్కనే ఉంది, నల్లగ, వెల్క్రో, మెలితిప్పే పుల్ల, టైము రాసే తెల్ల పట్టీ, అన్నీ. ఇంట్ల నా తొడ మీదనే కట్టి చూసిన. రెండు తిప్పులకు బానే ఉంది, మూడో తిప్పుకు పుల్ల విల్లు లెక్క వంగింది, ఇంకొంచెం తిప్పితే టక్కుమని ఇరిగింది. ఇంట్ల ఇరిగింది కాబట్టి నవ్వుకున్నం. అసలు క్యాట్ అమెరికాలనే ముప్పై డాలర్ల దగ్గర ఉంటది, డెబ్బై ఆరు గ్రాముల బరువు, ఒకటిన్నర ఇంచు వెడల్పు, మరి మూడు వందలకు ఎట్ల వస్తది అని నాకు ముందే తట్టాలె. ఇంకో సంగతి, సగం బిగిసిన టోర్నికెట్ లేనిదానికంటె అన్యాయం. నెత్తురు కిందికి పొయ్యే నరం లోతున ఉంటది, మీదికి వచ్చే నరం పైపైన ఉంటది, కొంచెం బిగిస్తే వచ్చేదే ఆగుతది, పొయ్యేది పోతనే ఉంటది, పుండు ఇంకా ఎక్కువ కారుతది. అందుకే మంచిది కొనే పైసలు లేకుంటే అది లేకుండనే గాజ్, క్రేప్, రెండు చేతులు, ఇవి పెట్టుకోండ్రి, సిగ్గేం లేదు, రోడ్డు మీద చాలా పుండ్లు ఒత్తితేనే ఆగుతయ్. నకిలీది ఉంటే ఉన్నదన్న ధైర్యంతోటి ఒత్తుడు మానేస్తరు.

మంచిది ఉన్నోళ్లు గూడ, చేతికి కాలికి మాత్రమే, ఒత్తినా ఆగకుంటే, లేకపోతే చిమ్ముతుంటే. పుండుకు రెండు మూడు ఇంచుల మీద, మోకాలు మోచేతి కీలు మీద కాదు, నెత్తురు ఆగిందాక తిప్పాలె, మనిషి నొప్పికి మొత్తుకుంటడు, మొత్తుకున్నా వదులు చెయ్యొద్దు, కట్టిన టైము రాయాలె, ఇప్పుడు దాన్ని తీసేది డాక్టరే. రెండు గంటల లోపు దవాఖానకు చేరాలె అని లెక్క.

మన దగ్గరైతే దీనికి ఇంకో తిరకాసు ఉంది, పాము. మా పాలకేంద్రంల నా టోర్నికెట్ చూసి అందరికంటె ముందు సంబురపడ్డ పెద్దాయన అన్నమాట, "మంచిగుందిరా, పురుగు ముడితే బిగియ్యనీకి." నాకు గుండె జల్లుమన్నది. ఈ రాళ్ల గుట్టల, ఈ పొలాల గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ ఉన్నయ్, కరిస్తే తాడుతోటి తువ్వాలతోటి ఉరి బిగిసినట్టు కట్టుడు తాతల కాలం నుంచి అలవాటు. పింజరి విషం కరిచిన జాగలనే కండను తింటది, బిగిస్తే అక్కడనే నిలవ ఉండి కాలు కుళ్లుతది, దవాఖానల ఇప్పంగనే అంత ఒక్కసారి మీదికి ఎక్కుతది. పాము కరిస్తే కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితోటి పీల్చొద్దు, కాలు కదలకుండ కట్టె ఆసర పెట్టి విషానికి ఇంజెక్షన్ ఉన్న దవాఖానకు పోవాలె. నాలుగు పాములకూ ఒకటే మందు, పామును చంపి సంచిల ఏసుకొని పోవాల్సిన అవసరం గూడ లేదు. నేను నా టోర్నికెట్ కవర్ మీద స్కెచ్‌పెన్‌తోటి "పాముకు కాదు" అని పెద్దగ రాసిన, ఎందుకంటే నేను పడి ఉంటే ఇంకొకరు తీసి వాడుతరు కదా. ఎవరన్న మా దిక్కు పల్లెల్ల టోర్నికెట్లు పంచుతమంటే ముందు ఈ మాట నేర్పి పంచుమని చేతులు జోడిస్త.

ముట్టుకుంటే కేసు అయితదని ఇంకా భయపడేటోళ్లు ఉన్నరు. సుప్రీంకోర్టు 2016లనే చెప్పింది, 2019ల మోటారు వాహనాల చట్టంల 134ఏ అనే సెక్షన్ గూడ చేర్చిండ్రు, మంచి మనసుతోటి సాయం చేసినోని మీద కేసు ఉండది, పేరు చెప్పుమని బలవంతం చెయ్యొద్దు. నేర్చుకునుడు సంగతికొస్తే రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇస్తరు. ఫోన్ల వీడియో చూస్తే తెలిసినట్టు అనిపిస్తది, చేతికి రాదు.

ఇగ చీర కట్టుకునేటోళ్లు, లుంగీ కట్టుకునేటోళ్లు ఏం చెయ్యాలె? కాలికి కట్టుడు వాళ్లకు కుదరదు, కుదరాల్సిన పని గూడ లేదు. మా నాయనమ్మ బొడ్లె చంచి ఉండేది, ఆకు ఒక అరల, వక్క ఒక అరల, సున్నం డబ్బి, పైసలు, చీకట్ల గూడ చూడకుండ ఏది కావాలంటే అది తీసేది. ఆమె నీళ్లు పోసుకునేటప్పుడు తప్ప అది ఆమె ఒంటి మీద నుంచి దిగంగ నేను చూడలే. అమెరికోడు ఆలోచించి ఆలోచించి జేబులు కుట్టిన పట్టీ అంటే అదే కదా, మన ముసలోళ్ల నడుముకు ఎప్పటినుంచో ఉన్నది. మా ఇంటామె ఇప్పుడు అట్లాంటిదే ఒకటి కుట్టింది, పాత జీన్స్ ప్యాంటుది, రెండు అరలు, గాజ్ గుడ్డ, క్రేప్, గ్లౌజులు, ఓఆర్ఎస్ పడ్తయ్. ఆమె కూలోళ్లతోటి నాటుకు పోయినప్పుడు అది నడుముకే. కాలికి కట్టుకున్న నాకంటె ఆమెకే తొందరగ చెయ్యి అందుతది, నేను బండి మీద నుంచి దిగి వంగి ప్యాంటు లేపి తియ్యాలె. ప్యాంటు బూట్లు ఏసుకొని బండి మీద తిరిగేటోనికి కాలే మంచిది అని నేను ఇంకా అంట, నడుముకు ఇప్పటికే ఫోను, తాళాలు, పైసల సంచి ఉన్నయ్ కాబట్టి. ఈ ముచ్చట మీద మాకు ఇంట్ల ఒప్పందం కుదరలే.

నెలకోసారి అన్నీ బయటికి తీసి చూస్త, ప్యాకెట్ చిరిగిందా, గాలి పోయిందా, తారీఖు దాటిందా. బండి సర్వీసింగ్ రోజే ఈ పని గూడ, లేకుంటే యాదికుండదు.

మా ఇంటామె కుట్టిందాంట్ల ఒకటి గౌడ్ కాకకు గూడ ఇచ్చినం. చెట్టెక్కేటోళ్లు పడకుండ 2024ల సర్కారు ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం సంగతి మాట్లాడుకుంట తీసుకున్నడు, నడుముకు కట్టుకున్నడు, బరువు చూసుకున్నడు, సరే అన్నడు. పదిహేను రోజులకు కలిస్తే ఏదీ చూపెట్టు కాకా అన్న. గాజ్ ఉంది, క్రేప్ ఉంది, గ్లౌజుల జాగల బీడీల కట్ట ఉంది. గ్లౌజులు ఏవి అంటే "నీ దగ్గర ఉన్నయ్ కదా, నువ్వెట్లాగు ఇటే తిరుగుతవ్" అన్నడు.